బువ్వ పాఠం ఫోన్‌లో ఎట్ల నడిచింది, ఇక ముందు ఎందుకు నడవాలె

(మే నెల ఆఖరు శుక్రవారం, 2021, మన గ్రూపు మీటింగ్‌లో మాట్లాడిన మాటలు. డ్యూటీలో ఉండి వినలేని రూముల కోసం రాసి పెడుతున్నం. చదువు వచ్చినోళ్లు రూంలో మిగతావాళ్లకు చదివి వినిపించండి.)



నేను పదో తరగతి దాకా చదివినోణ్ని. షట్టరింగ్ పనికి దుబాయి వచ్చి, ఇప్పుడు సైటు మీద సూపర్‌వైజర్‌గా చేస్తున్న. డాక్టర్‌ను కాదు. తిండి గురించి నేను చెప్పేదంతా మన గ్రూపుకు సాయం చేసే నర్సమ్మ చూసి సరే అన్నంకనే మీ దాకా వస్తది. కాబట్టి ధైర్యంగా వినండి.

ఈ రోజు రెండు ముచ్చట్లు. కరోనా వచ్చినంక మన తిండి క్లాసు హాలు నుంచి ఫోన్‌లోకి ఎట్ల వచ్చింది, అక్కడ ఏది పనికొచ్చింది, ఇది మొదటిది. రెండోది, ఇప్పుడు కొందరు "రోగం తగ్గుతుంది, ఇక ఫోన్ పాఠాలు బంద్ పెడదాం" అంటున్నరు. బంద్ పెట్టొద్దని నేను అంటున్న. ఎందుకో చెప్త.

*హాలు మూతపడ్డది*

కరోనా కంటే ముందు మన క్లాసు ఎట్లుండేదో పాతవాళ్లకు యాదికి ఉంటది. శుక్రవారం సెలవు రోజు క్యాంపు మెస్‌లో బల్లలు జరిపి కూర్చునేటోళ్లం. నర్సమ్మ నిజం కూరగాయలు, నిజం పళ్లెం తెచ్చేది. ఒక కూల్‌డ్రింక్ డబ్బా పక్కన, అందులో ఎంత చక్కెర ఉంటదో అంత గ్లాసులో పోసి చూపించేది. చూసినోళ్లు నోరు తెరిచేటోళ్లు. 330 మిల్లీలీటర్ల డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటది. అంటే ఎనిమిది తొమ్మిది చెంచాలు. కండ్లతోని చూసింది మనిషి మర్చిపోడు.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారి అని ప్రకటించింది. ఏప్రిల్‌లో దుబాయిలో 24 గంటల కట్టడి పెట్టిండ్రు. నలుగురు కూడొద్దు. ఒక్కో రూంలో ఆరుగురు, ఎనిమిది మంది మంచాల మీద కూర్చుండిపోయిండ్రు. కొన్ని సైట్లు నడిచినయి, కొన్ని ఆగినయి. క్లాసు అవసరం ఎప్పటికంటే ఎక్కువున్న రోజుల్లోనే హాలు మూతపడ్డది.

*వాయిస్ మెసేజ్ ఎందుకు గెలిచింది*

ఆ రోజుల్లో జూమ్, టీమ్స్ లాంటి యాప్‌లకు ఇక్కడ అనుమతి ఇచ్చిండ్రు. ఆఫీసుల్లో కూర్చునేటోళ్లకు అది మంచిగ పనికొచ్చింది. మన బతుకు వేరు. రూం వైఫైలో ఎనిమిది ఫోన్లు. డేటా కార్డు పైసలు మన జేబులోవి. రాత్రి డ్యూటీ ఆయన పండుకున్నప్పుడు పక్క మంచం ఆయన మీటింగ్ పెడితే కొట్లాటే. ఇంగ్లీషులో, హిందీలో పీడీఎఫ్‌లు కూడా వచ్చినయి. చదువురాని మనిషికి పీడీఎఫ్ అంటే మూసిన తలుపే.

ఇక్కడ వాట్సాప్‌లో కాల్ కలవదు, మీకు తెలిసిందే. కాని వాయిస్ మెసేజ్ పోతది. అదే మన దారి అయింది. ఒక్కటే సంగతి, రెండు నిమిషాలు, మన యాసలో. రాత్రి ఎనిమిదిన్నరకు పంపుడు, ఎందుకంటే అది పొయ్యి దగ్గర నిలబడే టైము. ఒకరి ఫోన్‌లో గట్టిగా పెడితే వంట చేసుకుంట అందరు వింటరు. చదువు అక్కర లేదు. తర్వాత మళ్ల వినొచ్చు. రాత్రి డ్యూటీ ఆయన పొద్దున బస్సులో వింటడు.

మెసేజ్ వెంట ఒక ఫోటో. నర్సమ్మ తన ఇంటి పళ్లెం ఫోటో పంపేది. సగం పళ్లెం కూరగాయ, పావు అన్నమో రొట్టెనో, పావు పప్పో గుడ్డో చేపనో. మర్నాడు మీరు మీ పళ్లెం ఫోటో పంపేటోళ్లు. హాలులో నర్సమ్మ చెప్పేది, మనం వినేది. ఫోన్‌లో ఆమె మన గిన్నెలోకి చూసింది. తెల్లన్నం కొండలాగ, పక్కన మామిడికాయ తొక్కు, పైన పచ్చిపులుసు. అట్లాంటి ఫోటోలు ఎన్నో వచ్చినయి. "తమ్ముడూ, ఇందులో నీ కండకు పనికొచ్చేది ఏది?" అని ఆమె అడిగిన మాట ఆ రూంలో ఇప్పటికీ అనుకుంటరట.

ఇంకొకటి కూడా పనికొచ్చింది. ఊర్లె మన ఇంటోళ్లు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు నుంచి చెల్లెండ్లు, వదినెలు పుంటికూర పప్పు, పెసర్ల చారు, జొన్నరొట్టె ఎట్ల చేయాలో చెప్పి పంపిండ్రు. నర్సమ్మ చెప్తే వినని మనిషి పెండ్లాం గొంతు వింటే వండిండు. అయితే వందల మంది మగవాళ్లున్న గ్రూపులో తమ గొంతు పోవుడు కొందరికి ఇష్టం లేదు. వాళ్లది మన అన్న ఒకాయన చదివి పంపిండు. అడగకుండ ఎవరి గొంతూ ఎవరి ఫోటో పెట్టలేదు. ఇక ముందు కూడా అదే పద్ధతి.

*ముందు పొయ్యి వెలగాలె*

ఒక మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలె. కడుపు ఖాళీగ ఉన్నోనికి కూరగాయల పాఠం చెప్తే అది ఎగతాళి అయితది. పోయిన ఏడాది ఒక క్యాంపులో మెస్ మూసిండ్రు, బదులుగా తిండి పైసలు ఇయ్యలేదు. ఆ కంపెనీ పేరు ఇక్కడ వద్దు. ఆ రూములోళ్లు పదిహేను రోజులు కుబ్బూస్, చాయ్ మీద బతికిండ్రు. సిగ్గుతోని ఎవరికీ చెప్పలేదు. తెలిసింది ఎట్ల అంటే పళ్లెం ఫోటో రాలేదు కాబట్టి తెలిసింది. "ఎందుకు పంపుత లేరు" అని అడిగితే ఒక తమ్ముడు "పళ్లెంల ఏముంది పంపడానికి" అన్నడు.

ఆ రోజు నుంచి పాఠం కంటే ముందు ఒక ప్రశ్న పెట్టుకున్నం: "మీ రూంలో ఇయ్యాల పొయ్యి వెలిగిందా?" వెలగలేదంటే పేరు, క్యాంపు, ఎంతమంది అని రాసుకొని, అనుమతి ఉండి సాయం చేసే సంస్థలకు, కాన్సులేట్‌కు చేరేసినం. మనం మాత్రం చందాలు వసూలు చేయలేదు. లైసెన్సు లేకుండ చందా అడుగుడు ఇక్కడి చట్టం ఒప్పుకోదు. మంచి మనసుతోని అయినా ఎవరూ గ్రూపులో ఖాతా నంబర్లు పెట్టొద్దు.

రేషన్ వచ్చింది. బియ్యం, పప్పు, నూనె, చక్కెర, చాయ్‌పత్తి. ఇచ్చినోళ్ల కాళ్లు మొక్కాలె. కాని ఆ సంచిలో ఉన్నదాన్ని ఎట్ల తినాలె అన్నదే అసలు పాఠం అయింది.

*సంచిలో ఉన్నదాంతోనే*

హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. వాళ్ల లెక్క ప్రకారం 65 కిలోల మగ మనిషి బరువు పని చేస్తే రోజుకు 3470 కేలరీలు కావాలె. కూర్చొని ఉండేటోనికి 2110 చాలు. కట్టడిలో మనోళ్లు మంచం మీద కూర్చుండి షట్టరింగ్ మనిషి అన్నమే తిన్నరు. తేడా వెయ్యి కేలరీల పైన. అది పొట్ట అయింది, చక్కెర అయింది.

మరి అంతా తగ్గించాల్నా? కాదు. అదే మనిషికి మాంసకృత్తులు రోజుకు 54 గ్రాములు కావాలె. కూర్చున్నా పని చేసినా ఇది పెద్దగా మారదు. కాబట్టి పని లేని రోజు అన్నం తగ్గించు, పప్పు తగ్గించకు. రెండు గుడ్లల్ల 12 గ్రాములు వస్తయి. వంద గ్రాముల కందిపప్పు రోజంతా రెండు పూటలు పంచుకొని తింటే 22 గ్రాములు. మిగతాది అన్నంలో, రొట్టెలో, లబన్‌లో సర్దుకుంటది. రోజూ మాంసం అక్కర లేదు.

తక్కువ పైసల్లో ఏం దొరుకుతది అని అడుగుతరు. శనగలు రాత్రి నానబెట్టి పొద్దున ఉడకబెట్టుకోండి. బకాలాలో ఫూల్ డబ్బా దొరుకుతది, అది కూడా గింజలే. చిన్న చేపలు, మలయాళీలు మత్తి అంటరు, పెద్ద చేపల కంటే చవక, బలం తక్కువ కాదు. మన గంగవాయిలి కూర లాంటి ఆకు ఇక్కడి కూరగాయల మార్కెట్‌లో కట్టలు కట్టి అమ్ముతరు. పప్పులో వేయండి, ఊరు రుచి వస్తది. రోజుకో కూల్‌డ్రింక్ మానేస్తే నెలకు రెండు ట్రేల గుడ్లు తేలిగ్గా వస్తయి.

చాయ్ ముచ్చట. అన్నం తిన్న వెంటనే కడక్ చాయ్ తాగితే, తిన్న పప్పులో ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. ఒక గంట ఆగి తాగండి. పప్పు మీద నిమ్మకాయ పిండితే ఇనుము ఎక్కువ పడతది. ఇక చక్కెర. రోజుకు ఐదు చాయ్‌లు, ఒక్కోదాంట్ల రెండు చెంచాలు అంటే పది చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని రకాల పై చక్కెర కలిపి ఆరు చెంచాలు మించకుంటే మంచిదంటది. ఒకేసారి మానమని నేను చెప్పను. ఈ వారం చాయ్‌కు ఒక చెంచా తగ్గించు.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా లోపే. తొక్కు, పాపడాలు, నూడుల్స్ మసాలా ప్యాకెట్ అన్నీ అందులోనే లెక్క. తొక్కు మానొద్దు, అది అవ్వ చేతిది. అన్నం మొత్తం దాంతోనే తినొద్దు, అంతే.

*పుకార్ల పని*

ఫోన్‌లో మంచి మాట ఎంత జల్ది పోతదో చెడ్డ మాట అంతకంటే జల్ది పోతది. చికెన్ తింటే కరోనా వస్తదన్నరు. 2020 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో మంత్రులు స్టేజి మీద చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. ఇక్కడ మన రూముల్లో గుడ్లు కూడా మానేసిండ్రు. బలం కావాల్సిన టైముల బలమే బంద్. తర్వాత వెల్లుల్లి, కషాయం, వేడినీళ్లు. కషాయం తాగితే గొంతుకు హాయిగ ఉంటది, కరోనాను ఆపదు. ఏ ఒక్క తిండీ ఈ రోగాన్ని ఆపదు. మంచి తిండి ఒంటిని తయారుగ పెడతది. ఆపేది టీకా, మాస్కు, దూరం. టీకా ఇక్కడ ఉచితంగ ఇస్తున్నరు, వేసుకోనోళ్లు వేసుకోండి.

అందుకే ఒక నియమం పెట్టుకున్నం. తిండి, మందుల మెసేజ్ ఏది వచ్చినా ముందు నర్సమ్మకు. ఆమె సరే అంటేనే గ్రూపుకు. మీరూ మీ ఊరి గ్రూపుల్లో అట్లనే చేయండి.

*ఫోన్ కాపాడిన మనిషి*

ఆయన అనుమతితోనే చెప్తున్న, పేరు చెప్పను. స్టీల్ ఫిక్సర్, నలభై దాటినయి. కట్టడి రోజుల్లో ఒకనాడు వాయిస్ మెసేజ్ "చక్కెర రోగం గుర్తులు" మీద వచ్చింది. ఊకె దూప, ఊకె మూత్రం, తింటున్నా బరువు తగ్గుడు, పుండు మానకపోవుడు. వంట దగ్గర వింటున్న పక్క మంచం పిల్లగాడు ఆయన దిక్కు చూసిండు. "కాకా, నువ్వు రాత్రి నాలుగుసార్లు లేస్తున్నవు కదనే" అన్నడు. కాక కోపం చేసిండు. పిల్లగాడు విడిచిపెట్టలేదు. మర్నాడు క్లినిక్‌కు తోలుకపోయిండు. చక్కెర నాలుగు వందలు దాటి ఉన్నది. కాకకు తెల్వదు, ఇంట్ల తెల్వదు. ఆ రెండు నెలలు గంజి, చక్కెర చాయ్ మీదనే ఉన్నడు.

ఇప్పుడు మందులు వాడుతున్నడు, పనిలోనే ఉన్నడు. హాలులో క్లాసు అయితే ఆ కాక వచ్చేటోడు కాదు, ఎన్నడూ రాలేదు. శుక్రవారం ఆయనకు నిద్ర రోజు. పాఠం ఆయన మంచం దగ్గరికి వచ్చింది కాబట్టి దొరికిండు.

ఇది ఇప్పుడు ఇంకా ఎందుకు ముఖ్యమంటే, ఊర్లె రెండో వేవ్ ఎట్లున్నదో మీరు రోజూ వింటున్నరు. ఏప్రిల్ 24 రాత్రి నుంచి ఇండియా నుంచి ఇక్కడికి రాకపోకలు ఆగినయి. సెలవు మీద పోయిన మనోళ్లు అక్కడే ఇరుక్కున్నరు. చక్కెర ఉన్నోళ్లకు కరోనా గట్టిగ పడతది. బ్లాక్ ఫంగస్ అంటున్నరు కదా, అది కూడా చక్కెర అదుపులో లేనోళ్లకు, స్టెరాయిడ్లు వాడినోళ్లకు ఎక్కువ వస్తుంది. కాబట్టి మన పాఠాలు ఊర్లె ఇంటోళ్లకు కూడా పంపండి. అమ్మకు, నాన్నకు చక్కెర చూపించమనండి.

*వచ్చే ఎండ*

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని బంద్. ఆ టైముల మనం సద్ది విప్పుతం. ఆ సద్ది ఎప్పటిది? నిన్న రాత్రి వండింది. నాలుగు గంటలకు గిన్నెలో పెట్టి, బస్సులో, ఎండ సైటు మీద ఎనిమిది గంటలు. ఊర్లె చద్దన్నం తిన్నం కదా ఏం కాలేదు అంటరు. ఇంట్ల నీడకు కుండలో నీళ్లు పోసి పెట్టిన చద్దన్నం వేరు, ఈ ఎండకు మూసిన డబ్బాలో ఉడికిన అన్నం వేరు. అట్ల నిలవున్న అన్నంలో పుట్టే విషం మళ్ల వేడి చేసినా పోదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ ఎండలో మనిషి పడిపోతడు.

కాబట్టి అన్నం వండంగనే వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి, గంట లోపల ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున చల్లగనే తీసి, ఐస్ వేసిన కూలర్ డబ్బాలో పెట్టుకొని పోండి. కూలర్ లేనోళ్లు ఎండాకాలం అన్నం బదులు కుబ్బూస్, గట్టిగ వేయించిన శనగలు, కీరకాయ తీసుకపోండి.

దూప అయ్యేదాకా ఆగొద్దు. పావుగంట, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు. మూత్రం ముదురు పసుపు రంగు ఉంటే నీళ్లు తక్కువైనయని లెక్క. ఎండలో నీళ్లు తాగకుండ ఏండ్లకేండ్లు పని చేస్తే కిడ్నీలు దెబ్బతింటయి. ఎనర్జీ డ్రింకు నీళ్లు కాదు. విరేచనాలు పట్టుకుంటే లీటరు మంచినీళ్లల్ల సమం చేసిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగ తాగుకుంట క్లినిక్‌కు పోండి. సూపర్‌వైజర్లకు, ఫోర్‌మెన్లకు ఒక మాట: నీళ్లకు పోయే మనిషిని మందలించొద్దు. పడిపోయిన మనిషిని లేపుడు కంటే నీళ్లకు పంపుడు తేలిక.

*బంద్ పెట్టొద్దు*

ఫోన్‌తోని అన్నీ అయితయని నేను అంట లేను. రుచి చూపియ్యలేదు. చేతులతోని చేయించలేదు. మొహం చూడలేదు. మౌనంగ ఉండే మనిషి ఫోన్‌లో ఇంకా మౌనం అయితడు. హాలు తెరిచినప్పుడు తప్పకుండ కూడుదాం, కూరగాయలు తెచ్చుకుందాం. కాని హాలుకు వచ్చేది దగ్గరి క్యాంపులోళ్లే. ఎడారిలో దూరం సైట్లోళ్లు, రాత్రి డ్యూటీవాళ్లు, చదువురానోళ్లు, సిగ్గుపడేటోళ్లు, వీళ్లంతా ఈ ఏడాదిలోనే మనకు మొదటిసారి కలిసిండ్రు. ఫోన్ పాఠం బంద్ పెడితే వాళ్లను మళ్ల వదిలిపెట్టినట్టే.

అందుకే మిమ్మల్ని అడిగేది నాలుగు పనులు.

1. ప్రతి రూం నుంచి ఒక మనిషి పేరు ఇయ్యండి. చదువు అక్కర లేదు. మెసేజ్ గట్టిగ పెట్టి వినిపించే ఓపిక ఉంటే చాలు.

2. వారానికి ఒక పళ్లెం ఫోటో. పళ్లెం మాత్రమే. మనుషుల ఫోటో, రూం ఫోటో, క్యాంపు బోర్డు వద్దు.

3. రూంలో పొయ్యి వెలగకపోతే ఆ రోజే చెప్పండి. సిగ్గు మీది కాదు.

4. ముప్పై అయిదు దాటినోళ్లు జూన్ 15 లోపల చక్కెర, బీపీ ఒకసారి చూపించుకోండి. మీరు పోకపోతే పక్క మంచం ఆయన తోలుకపోవాలె.

మనం ఇక్కడికి తెచ్చింది ఒక్క ఒళ్లే. ఇల్లు కట్టినా, బిడ్డ పెండ్లి చేసినా, అప్పు తీర్చినా అన్నీ దాంతోనే. ఊరికి పైసలు పంపినట్టే ఆ ఒంటిని కూడా మంచిగ ఇంటికి చేర్చాలె. వచ్చే వారం పాఠం నీళ్ల మీద, నర్సమ్మ గొంతుతోని. రాత్రి ఎనిమిదిన్నరకు, పొయ్యి దగ్గర ఉండండి.